పొగ తక్కువ కట్టెల పొయ్యి: ఏది కొనాలి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాకు సొంత ఇల్లుంది. స్నానాలకు వేడినీళ్లు, పండగ వంటలు డాబా మీద కట్టెల పొయ్యి మీదే. పొగ వస్తోందని పక్కింటివాళ్లు గొడవ పడుతున్నారు. ఎలాంటి పొయ్యి తీసుకోమంటారు?

జవాబు: ముందు ఐఎస్‌ఐ గుర్తు, దానితోపాటు ఐఎస్ 13152 అనే నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ ప్రమాణం ప్రకారం ఫ్యాన్ ఉన్న పొయ్యి కట్టెల వేడిలో కనీసం 35 శాతాన్ని గిన్నెకు అందించాలి; ఫ్యాన్ లేనిది 25 శాతం. పొగలోని నలుసుల పరిమితి కూడా ఫ్యాన్ పొయ్యికే తక్కువ. ఇళ్లు ఆనుకుని ఉన్నాయి కాబట్టి మీకు ఫ్యాన్ ఉన్నదే మేలు.

దుకాణంలోనే పొయ్యి లోపలికి తొంగిచూడండి. అడుగున కొన్ని రంధ్రాలు, అంచుకు కాస్త కింద చుట్టూ మరో వరుస కనిపించాలి. పొగను మండించేది ఈ పై వరుస గాలే. ఆ రంధ్రాలు మూసుకుపోయేలా కట్టెలు కుక్కితే ఫ్యాన్ తిరుగుతున్నా పొగ తప్పదు. ఆ వరుసకు దిగువనే ఆపి, పైన సన్నటి పుల్లలు పేర్చి, పైనుంచే అంటించండి.

పచ్చి కట్టెలు వేస్తే ఎంత ఖరీదైన పొయ్యయినా పొగ కక్కుతుంది. తేమ 20 శాతం లోపుండాలి. సరుగుడు కట్టెలైతే బొటనవేలి లావున చీల్చి ఎండబెట్టండి. రెండు ముక్కలు కొడితే టంగుమనాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలు వేయొద్దు.

పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. వానాకాలమని పొయ్యిని బాత్రూంలోకి మార్చకండి.