పాఠకుల ప్రశ్నలు: చిన్న పడవకు ఓడల జాడ చెప్పే రేడియో

ప్రశ్న: మాది తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవ. రాత్రి వేటలో వల వదిలి, ఇంజను ఆపి, వల కొసనే ఉండిపోతాం. కాకినాడ రేవుకు వచ్చిపోయే ఓడలు మీదికి వచ్చేదాకా తెలియడం లేదు. వల పూర్తిగా ఎత్తడానికి గంట పడుతుంది. టీవీ డాంగిల్ ఒకటి కొని ఫోనుకు తగిలిస్తే ఓడలన్నీ కనిపిస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. నమ్మవచ్చా? (ఒక మత్స్యకారుడు, ఉప్పాడ)

జవాబు: నమ్మవచ్చు, అయితే ఆ పరికరం ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకుని నమ్మాలి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజీ (ఓడ పరిమాణపు కొలత), అంతకు మించిన ఓడలు, ప్రయాణికుల ఓడలన్నీ ఏఐఎస్ అనే రేడియో పరికరాన్ని పెట్టుకోవాలన్న నిబంధన 2004 చివరికల్లా పూర్తిగా అమలులోకి వచ్చింది. ఓడ నడుస్తున్నంతసేపూ తన స్థానం, వేగం, దిశ, గుర్తింపు సంఖ్యలను వేగాన్ని బట్టి రెండు నుంచి పది సెకన్లకొకసారి ఆ పరికరం చాటుతుంది. లంగరు వేసి ఉంటే మూడు నిమిషాలకొకసారి. ఈ ప్రసారం 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌ల మీద జరుగుతుంది, దానికి రహస్య సంకేతమేదీ లేదు. కంప్యూటరులో టీవీ చూడడానికి తయారైన చిన్న డాంగిల్, అందులోని చిప్ పుణ్యమా అని, ఇతర రేడియో తరంగాలను కూడా పట్టగలదని 2012లో ఔత్సాహికులు కనిపెట్టారు. అప్పటినుంచి కొద్ది వేల రూపాయలతోనే ఏఐఎస్ వినడం సాధ్యమైంది. ఫోనులో ఏఐఎస్-క్యాచర్ అనే ఉచిత యాప్ ఆ తరంగాలను విడమరుస్తుంది, ఓపెన్‌సీపీఎన్ అనే మరో యాప్ ఓడలను సముద్రపటం మీద చూపుతుంది.

డబ్బు కన్నా యాంటెన్నా మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. డాంగిల్‌తో వచ్చే రెండు కడ్డీల యాంటెన్నాను ఒక కడ్డీ పైకి, ఒకటి కిందికి ఉండేలా నిలువుగా కట్టి, ఒక్కో కడ్డీని మూరెడు పొడవుకు లాగండి. ఈ తరంగం పొడవు సుమారు 1.85 మీటర్లు, అందులో నాలుగో వంతు 46 సెంటీమీటర్లు, మన మూర కూడా దాదాపు అంతే కాబట్టి టేపు లేకపోయినా పని జరుగుతుంది.

ఇక ఎత్తు సంగతి. ఈ తరంగాలు దిగంతం దాటి పెద్దగా వంగవు. రెండు యాంటెన్నాల ఎత్తులకు మీటర్లలో వర్గమూలాలు కట్టి, వాటిని కలిపి 2.2తో గుణిస్తే దూరం నాటికల్ మైళ్లలో (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు) వస్తుంది. ఓడ యాంటెన్నా 30 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, మీది నాలుగు మీటర్ల వెదురు మీద ఉన్నప్పుడు పదహారున్నర మైళ్లు, పడవ అంచున మీటరు ఎత్తులో ఉన్నప్పుడు పద్నాలుగు పైచిలుకు మైళ్లు వస్తాయి. తేడా రెండు మైళ్లే కదా అనిపిస్తుంది కానీ, 15 నాట్ల వేగంతో, అంటే గంటకు 15 నాటికల్ మైళ్లతో వచ్చే ఓడకు మొదటి దూరం గంటా ఆరు నిమిషాలు, రెండోది 57 నిమిషాలు. మీ వల ఎత్తడానికి పట్టే గంట సరిగ్గా ఆ రెండింటి మధ్యలో ఉంది. పైగా ఇది కాగితం మీది లెక్క. చౌక డాంగిల్‌తో, తడిసిన కేబుల్‌తో అందులో మూడింట రెండు వంతులు దక్కినా సంతోషించాలి. అంటే సుమారు 45 నిమిషాలే మిగులుతాయి. కాబట్టి ఓడ కనిపించాక వలంతా ఎత్తేద్దామని కాక, కనిపించగానే ఏం చేయాలో ముందే అనుకుని ఉండడం మంచిది.

మరో చిక్కు మీ పడవలోనే ఉండవచ్చు. మా మేడ మీద ఇదే డాంగిల్‌ను పరీక్షిస్తున్నప్పుడు ఎల్ఈడీ దీపం వేయగానే కొత్త సమాచారం రావడం ఆగిపోయింది. ఆర్పగానే మళ్లీ మొదలైంది. నాసిరకం ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు ఇవే తరంగాల మీద రొద చేస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆర్పి చూస్తే దొంగ దొరుకుతాడు. డాంగిల్ ఫోను బ్యాటరీని త్వరగా తినేస్తుంది కనుక, ఛార్జింగు అవుతుండగానే పనిచేసే ఓటీజీ హబ్ అడిగి తీసుకోండి.

తెర మీద ఓడ మొదట తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్యగానే కనిపిస్తే కంగారు పడవద్దు, పేరు ఆరు నిమిషాలకొకసారే ప్రసారమవుతుంది. భారతీయ ఓడల సంఖ్య 419తో మొదలవుతుంది. నా దృష్టిలో ఈ పరికరం ఇచ్చే అసలు మేలు ఆ పేరే. ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టులో, అందరూ వినే 16వ ఛానల్ మీద “అక్కడి ఓడా” అంటే ఎవరూ పలకరు, పేరు పెట్టి పిలిస్తే పలకడానికి అవకాశం ఎక్కువ. ఓడ ఎంత దగ్గరగా, ఎన్ని నిమిషాల్లో దాటుతుందో లెక్కగట్టి మోగే అలారం ఓపెన్‌సీపీఎన్‌లో ఉంది. కాకినాడ లంగరు రేవులో ఆగి ఉన్న ఓడలకు కూడా అది మోగుతూ విసిగిస్తుంది కాబట్టి, నిలిచిన ఓడలను వదిలేసే అమరిక పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, ఈ పరికరం వింటుందే కానీ పలకదు. ఓడ మీకు కనిపిస్తుంది, మీరు ఓడకు కనిపించరు. 2021 ఏప్రిల్‌లో మంగళూరు తీరానికి దూరంగా ఏపీఎల్ లె హావ్ర్ అనే కంటైనర్ నౌక, రబా అనే చేపల బోటు ఢీకొన్నప్పుడు బోటులోని 14 మందిలో ప్రాణాలతో దొరికినవారు ఇద్దరే. ఫైబర్, చెక్క పడవలు రాడార్‌కు సరిగా ఆనవు. అందుచేత రాడార్ తరంగాలను ఓడ వైపు తిప్పికొట్టే లోహపు రాడార్ రిఫ్లెక్టర్‌ను అదే వెదురుకు కట్టండి, దీపాలు వెలిగించి ఉంచండి, ఒకరిని మెలకువగా కాపలా ఉంచండి. మీలా ఏఐఎస్ లేని పడవలు, దాన్ని ఆపి తిరిగే యుద్ధనౌకలు మీ తెర మీద కూడా ఉండవు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ఓడలను చూపే యాప్‌లు ఉచితంగా ఉండగా డాంగిల్ ఎందుకు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఒడ్డున కూర్చుని, గంగవరంలో ఏ ఓడ ఉందో చూడాలనుకునేవారికి ఆ యాప్‌లు చాలు. ఆ సమాచారం ఎక్కువగా తీరంలోని రిసీవర్ల నుంచి సర్వరుకు చేరి, అక్కడి నుంచి ఫోనుకు వస్తుంది. దగ్గరలో రిసీవర్ లేకపోయినా, మొబైల్ సిగ్నల్ పోయినా తెర మీది ఓడ పాత చోటే నిలబడి ఉంటుంది. 15 నాట్ల ఓడ నాలుగు నిమిషాల్లో నాటికల్ మైలు జరుగుతుంది. డాంగిల్‌కు ఇంటర్నెట్ అక్కరలేదు.

ప్రశ్న: మా పడవకు ప్రభుత్వం ఇచ్చిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్ ఉంది. అది చాలదా? (ఒక పాఠకుడు, నిజాంపట్నం)

జవాబు: అది వేరే పనికి. మీ స్థానాన్ని ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరవేయడం, ఆపదలో కబురు పంపడం, తుపాను హెచ్చరికలు అందుకోవడం దాని పని. ఎదురుగా వస్తున్న ఓడలోని ఏఐఎస్ తెర మీద అది మిమ్మల్ని చూపదు. అందుకు ప్రసారం కూడా చేసే, చిన్న పడవల కోసం ఉద్దేశించిన క్లాస్ బి ఏఐఎస్ కావాలి. దానికి లైసెన్సు, పడవ పేరున గుర్తింపు సంఖ్య తప్పనిసరి. నలుగురు పడవదారులు కలిసి వేటకు వెళ్తుంటే కనీసం ఒక పడవకైనా అది పెట్టించి, మిగతావారు దాని దగ్గరలో వల వదలడం గురించి మీ సంఘంలో మాట్లాడుకోండి.