మేస్త్రిగారి జవాబులు: తిత్లీకి ఆగిన జీపు

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. మా నాన్నగారి మహీంద్రా ఎంఎం 540 జీపు, 1989 మోడలు, ప్యూజో డీజిల్ ఇంజను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడింది. టాపు నలిగిపోయింది, బండి ఆ రోజు నుంచి కదల్లేదు. మరుసటేడు నాన్నగారు పోయారు. నేను మందస అవతల కొండ కింద బడిలో టీచరుని. రోజూ రానూ పోనూ 50 కిలోమీటర్లు, వానాకాలంలో రెండు గెడ్డలు, అంటే వాగులు, దాటాలి. స్కూటీ మీద ఇక నా వల్ల కావడం లేదు. మా ఊరి మెకానిక్కు కామన్ రైల్ ఇంజను (కంప్యూటరుతో నడిచే కొత్తరకం డీజిలు ఇంజను) వేసి, పవర్ స్టీరింగు, ఏసీ, పెద్ద టైర్లు పెడదామంటున్నాడు. అన్నయ్య తుక్కుకి ఇచ్చేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, పలాస

జవాబు: అమ్మా, తుక్కుకి ఇవ్వకండి. ఇంజనూ మార్చకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు విజయనగరంలో నా షెడ్డు నాకుంది. నేను పిల్లాడిగా ఉన్నప్పుడు ఏజెన్సీ ఊళ్లకి సర్వీసు జీపులే దిక్కు. సంతకి వెళ్లాలన్నా, పురిటికి తీసుకెళ్లాలన్నా అవే. కాబట్టి మీ బండి నాకు కొత్త కాదు. అందులో ఉన్న ఇంజను పేరు ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, అని ఆ అంకెలే చెబుతాయి. మొత్తం 2112 సీసీ. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. శుభ్రమైన డీజిలు, గాలి, స్టార్టింగులో హీటర్ ప్లగ్గుల వేడి అందితే చాలు, తిరుగుతుంది. కొండ కింద ఆగిపోయినా ట్రాక్టరు బాగుచేసే కుర్రాడు చూసి పెట్టగలడు. కామన్ రైలు ఇంజను వేయించారంటే ఆ వైరింగు దాన్ని వేసినవాడికి తప్ప ఇంకొకరికి అర్థం కాదు. బడి గంట కొట్టే వేళకి అతను ఫోను ఎత్తకపోతే మీ పరిస్థితి ఏమిటి?

కాగితాల చిక్కు కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అదే రకం ఇంజను వేసుకోవాలన్నా రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు మొదట చూసేది ఇంజను నంబరే.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? నూటికి తొంభైమంది రంగుతో మొదలుపెడతారు, లేకపోతే ఇంజనుతో. మీరు బ్రేకులతో మొదలుపెట్టండి. ఎందుకంటానో చెబుతాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒడిశా పొట్టంగి ఆసామి ఒకాయన జీపు నాకిచ్చాడు. పండగ లోపల కావాలన్నాడు. టింకరింగు చేసి, పుట్టీ పెట్టి, ఆకుపచ్చ రంగు కొట్టి అద్దంలా తయారుచేశాను. ముందు చక్రం బ్రేకు హోసు పైకి బాగానే ఉందని వదిలేశాను. అప్పగించడానికి నేనే తోలుకెళ్తుంటే సాలూరు దాటాక వచ్చే సుంకి ఘాట్‌లో ఒక దిగుడులో ఆ హోసు పగిలింది. ఆ జీపుకి బ్రేకు లైను ఒక్కటే. ఒక్కచోట పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. పెడలు నేలకి అంటుకుపోయింది. గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు కాలవలోకి దించేసి ఆపాను. పక్కసీట్లో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు, తొమ్మిదేళ్లవాడు. వాడికి ఏమీ కాలేదు. ఆ తరవాత బ్రేకులు పూర్తికాని బండికి నేను రంగు డబ్బా మూత తీయలేదు.

మీ జీపులో బ్రేకు ఆయిలు పోసే డబ్బా మూత తీసి చూడండి. లోపల ఒకటే గది ఉంటే మీదీ ఒక లైను బండే. రెండు గదుల టాండెం మాస్టర్ సిలిండరు పెట్టించి, ముందుకీ వెనక్కీ లైన్లు విడదీయించండి. ఈ బండికి మీరు పెట్టే కొత్త ఖర్చేదైనా ఉంటే ముందు ఇదే కావాలి.

తరవాత నాలుగు డ్రమ్ములూ ఊడదీయించి, మీరు దగ్గరుండి చూడండి. బ్రేకు షూలని తోసే వీల్ సిలిండరు రబ్బరు టోపీ తీస్తే గోధుమరంగు బురదలాంటిది కనిపిస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఇన్నేళ్లు కదలకుండా ఉంటే లోపలంతా తుప్పు. పిస్టను తీసి, గుడ్డతో తుడిచి, సిలిండరు లోపల గోటితో గీయమనండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ సిలిండరు పనికిరాదు. ఉప్పుకాగితంతో రుద్ది కొత్త వాషర్లు వేస్తానంటే ఒప్పుకోకండి, నెల తిరిగేసరికి కారుతుంది. హోసులన్నీ కొత్తవి వేయాలి, ఇనప పైపులు కూడా. ఉప్పుగాలి తగిలే ఊరు మీది. పైపు మీద పొట్టు లేచిందంటే లోపల పల్చబడినట్టే.

బ్రేకుల తరవాత స్టీరింగు. టై రాడ్ ఎండ్లు (స్టీరింగు రాడ్డుని చక్రాలతో కలిపే కీళ్లు), కింగ్ పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను దగ్గరవి), కమాన్ కట్టల బుష్షులు, ఆ కట్టల్ని బండికి తగిలించే షాకిళ్లు అన్నీ చూడాలి. దీని గురించి కింద బొబ్బిలి పాఠకుడికి వివరంగా రాశాను, మీరూ చదవండి. పవర్ స్టీరింగు లేకపోతే కష్టం అనిపిస్తుంది గానీ, కింగ్ పిన్నులకి గ్రీజు అంది, టైర్లలో గాలి సరిగ్గా ఉంటే ఈ జీపు అంత బరువుగా తిరగదు. పెద్ద టైర్లు మాత్రం వద్దే వద్దు. బరువు పెరిగి కింగ్ పిన్నులు అరుగుతాయి, బ్రేకు చాలదు, గేరు లాగదు. కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి. కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 3225 అని ఉంటే 2025లో 32వ వారం తయారైందని. ఇప్పుడు బండికి ఉన్న టైర్లకి అరుగుదల లేకపోయినా తీసేయాలి. ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడ్డ రబ్బరుని నమ్మకూడదు.

ఇప్పుడు ఇంజను. ఎవరొచ్చి ఎంత తొందరపెట్టినా బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టనివ్వకండి, తోసి స్టార్ట్ చేయనివ్వకండి. ముందు హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పించి, ఒక్కో సిలిండరులో కాస్త ఇంజనాయిలు పోయించండి. ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానరు పెట్టి చేత్తో తిప్పాలి. తేలిగ్గా రెండు చుట్లు తిరిగితే మీ అదృష్టం బాగున్నట్టే. పట్టేస్తే బలవంతం చేయకుండా ఇంకో రెండు రోజులు నాననివ్వాలి. పాత ఆయిలు మొత్తం దించి కొత్తది పోసి, ఫిల్టరు మార్చి, డీజిలు ఆపి ఉంచి సెల్ఫ్‌తో తిప్పితే ముందు ఆయిల్ ప్రెజరు ఎక్కుతుంది. అప్పుడు ప్లగ్గులు బిగించి డీజిలు వదలాలి. ట్యాంకుని ఈలోగానే దింపించి కడిగించండి. అన్నేళ్లు నిలవున్న డీజిల్లో అడుగున నీళ్లు, తుప్పు, జిగురు చేరతాయి. అది డీజిలు పంపులోకి, డీజిలు చిమ్మే నోజిళ్లలోకి వెళ్లిందంటే ఖర్చు రెట్టింపు. నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి దారిలో పెట్టించండి.

రేడియేటరు విప్పి రాడ్డింగు, అంటే కమ్మీ దూర్చి గొట్టాలు శుభ్రం చేసే పని, చేయించాలి. ‘వేడెక్కుతుంది, థర్మోస్టాట్ పీకేద్దాం’ అని ఎవరన్నా అంటే వినకండి. అది లేకపోతే చలికాలం పొద్దున్నల్లో ఇంజను వేడి పట్టదు, డీజిలు తాగుతుంది, బోరు తొందరగా అరుగుతుంది. బోరుబావి నీళ్లు పోయకండి, సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి పోయండి.

వైర్లు ఎలుకలు కొరికే ఉంటాయి, అతుకులు వేయకుండా మొత్తం కొత్తది లాగించండి. ఏసీ మాట మరచిపోండి. టాపు లేని జీపుకి ఏసీ ఎందుకమ్మా, కొత్త టార్పాలిన్ టాపు కుట్టించుకోండి.

ఛాసిస్‌ని, అంటే బండి కింది ఇనప చట్రాన్ని, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టించండి. ఠంగుమంటే ఇనుము ఉంది. దబ్బుమంటే లోపల తుప్పు తినేసింది. కమాన్ కట్టలు తగిలే బ్రాకెట్ల దగ్గరా, వెనక అడ్డకమ్మీ దగ్గరా ఎక్కువ తట్టాలి. అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగు చేస్తే చాలు. ఛాసిస్ మొత్తం పోయి ఉంటే మాత్రం నేనిప్పటిదాకా చెప్పినదంతా వెనక్కి తీసుకుంటాను, అప్పుడు అన్నయ్యగారి మాటే వినండి. అందుకే పైసా ఖర్చుపెట్టక ముందే ఈ సుత్తి పరీక్ష చేయించండి.

కాగితాలు కూడా ఈలోపే కదిలించాలి. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉండి ఉంటుంది. వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31. గడువు దాటిపోయింది కనక ఆలస్య రుసుము ఉంటుంది, కట్టేయండి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ పొడిగించుకోవాలి, దానికి ఫారం 25. పదేళ్ల డీజిలు బండి తిరగకూడదన్న గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, మన శ్రీకాకుళానిది కాదు.

మొదటి నెల బండిని బడికి తీసుకెళ్లకండి. ఊరి చుట్టూ ఐదు, పది కిలోమీటర్లు తిప్పండి. రాత్రి కింద పాత అట్టపెట్టె పరిచి, పొద్దున్న ఏ చుక్క ఎక్కడ పడిందో చూడండి. వీల్ నట్లు, కమాన్ కట్టల యూ బోల్టులు వారానికోసారి బిగించుకోవాలి. ఒక నోటుపుస్తకం పెట్టి కిలోమీటర్లు, పోసిన ఆయిలు, మార్చిన సామాను రాసుకోండి. టీచరుగారికి అది నేను నేర్పక్కర్లేదు.

గెడ్డల సంగతి. మీ జీపుకి నాలుగు చక్రాల పట్టు ఉంది కదా అని పొంగిన గెడ్డలో దిగకండి. నీళ్లు చక్రం మధ్య బొడ్డు దాటి పారుతుంటే ఆ రోజు సెలవు పెట్టండి. మామూలు నీళ్లలో దాటినా, గట్టెక్కగానే బ్రేకు పెడలు మీద మెత్తగా కాలు ఆనించి కొంతదూరం నడపండి. తడిసిన డ్రమ్ము బ్రేకు పట్టదు, ఆ రాపిడికే ఆరుతుంది. వానాకాలం అయ్యాక ఇరుసు హౌసింగుల్లో గేరాయిలు చూడండి, పాలరంగుకి తిరిగితే నీళ్లు చేరినట్టు. ముందు గేరు, అదే ఫోర్ వీలు, బురదలోనే వేయండి. ఎండిన తారురోడ్డు మీద వేసి మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం వెళ్తాయి. ఆ తేడా పోవడానికి దారిలేక చక్రాలకి తిప్పుడు చేర్చే రాడ్ల జాయింటు క్రాసులు విరుగుతాయి.

ప్రశ్న: నాకు పాత మహీంద్రా కమాండర్ జీపు ఉంది, బొబ్బిలి నుంచి సాలూరుకి కూరగాయలు వేస్తాను. 50 స్పీడులో గుంట తగిలితే స్టీరింగు చేతిలో నిలవదు, ముందు చక్రాలు రెండూ ఊగిపోతాయి. స్టీరింగు ఊపు ఆపే డ్యాంపర్ వేయిస్తే మూడు నెలలు ఆగింది, మళ్లీ మొదలైంది.
— ఒక రైతు, బొబ్బిలి

జవాబు: తమ్ముడూ, డ్యాంపర్ జబ్బుని దాచింది, నయం చేయలేదు. ముందు చక్రం జాకీ మీద లేపు. టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఆడించు. ఆడిందా, ఇంట్లోవాళ్లనెవరినైనా కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించు, మళ్లీ ఆడించు. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే చక్రం బేరింగు వదులు. తొక్కినా ఆట అలాగే ఉందంటే కింగ్ పిన్ను అరిగింది. తరవాత చేతులు రెండు పక్కలకీ మార్చి పట్టుకుని కదిపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది, కిందకి దూరి చూస్తే ఎక్కడ కదులుతోందో కళ్లకే కనబడుతుంది. ఈ పరీక్షకి పావుగంట చాలు, రెండు చక్రాలకీ చెయ్యి. కింగ్ పిన్నులు రెండువైపులా కలిపి మార్పించు, ఒక్కవైపు మారిస్తే లాభం లేదు. ఆ పని అయ్యేదాకా ముప్పై దాటి తోలకు, సాలూరు దాటి ఘాట్ ఎక్కకు.