షాఫ్ట్ ఆడుతోంది సరే, ఎటు ఆడుతోంది?

ప్రశ్న: మాది మినియాపొలిస్ శివారు. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనరు గరాజ్‌లో ఒక చిన్న స్నోబ్లోవర్ (మంచు ఎత్తిపోసే మెషీన్) వదిలేసి వెళ్లాడు. 5 హార్స్‌పవర్ టెకమ్‌సే ఇంజన్. మొన్న బెల్టు మారుద్దామని కవర్ తీస్తే, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ తిప్పే మెయిన్ ఇరుసు) చివరున్న పుల్లీ చేత్తో లాగితే బయటికీ నెడితే లోపలికీ కదులుతోంది, టక్కుమని చప్పుడు కూడా. దాని వెనక కాస్త ఆయిల్ జిడ్డు ఉంది. స్టార్ట్ చేస్తే మాత్రం బాగానే నడుస్తోంది. రిపేరు షాపులో చూడకుండానే "ఇంజన్ అయిపోయింది, పారేయండి" అన్నారు. మంచు పడేలోపు తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే పారేయకండి. టెకమ్‌సే కంపెనీ 2008 చివర్లోనే చిన్న ఇంజన్లు చేయడం ఆపేసింది కాబట్టి మీది ఎలా చూసినా పాతదే, కానీ పాతదైనంత మాత్రాన పోయినట్టు కాదు.

లోపలికీ బయటికీ కాస్త ప్లే ఉండటం జబ్బు కాదండీ, ఉండాల్సిందే, లేకపోతే షాఫ్ట్ పట్టేస్తుంది. ఈ తరహా టెకమ్‌సే ఇంజన్లు చాలావాటికి 0.13 నుంచి 0.69 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. మీ జేబులో ఉన్న క్రెడిట్ కార్డు మందం 0.76, అంటే దాదాపు కార్డు మందమంత కదిలినా లెక్కలోనే ఉన్నట్టు, చేతికి మాత్రం అది చాలా ఎక్కువగా అనిపిస్తుంది, టక్కుమని కూడా అంటుంది. డయల్ గేజ్ (సన్నని కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) ఉంటే కొలవండి.

అంతకంటే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి, ఇది మర్చిపోవద్దు. తర్వాత పుల్లీ మీద నుంచి షాఫ్ట్ చివర మీదుగా మార్కర్‌తో ఒకే గీత గీసి రెండువైపులా కదపండి. గీత విరిగితే, లేదా పుల్లీ కదిలి షాఫ్ట్ కదలకపోతే, తప్పు పుల్లీది. దాని స్క్రూ వదులైందో, దాన్ని షాఫ్ట్‌కి బిగించి ఉంచే చిన్న ఇనప ముక్క, అదే కీ, అరిగిందో. ఇంత చిన్నదానికి ఇంజన్లు పారేసినవాళ్లు ఉన్నారు.

అసలు చూడాల్సింది పక్కకి ఆడటం. బెల్టు షాఫ్ట్‌ని ఎప్పుడూ ఒకే వైపు, అంటే కింద ఆగర్ (మంచుని లోపలికి లాగే మర) పుల్లీ ఉన్న వైపు లాగుతుంది కాబట్టి బుష్, అంటే షాఫ్ట్ తిరిగే గుండ్రటి తొడుగు, గుండ్రంగా కాక అటే కోడిగుడ్డులా అరుగుతుంది, అందుకే బెల్టు తీసేసి షాఫ్ట్‌ని గట్టిగా పైకి ఎత్తి, వదిలి చూడండి. మా గుంటూరు వైపు ఆయిల్ ఇంజన్ మెకానిక్కులు ఏ పానా పట్టకముందే షాఫ్ట్‌ని ఇలా ఎత్తి "బుష్ కొట్టేసింది" అనేవాళ్లు, చిన్నప్పుడు అదేదో మంత్రం అనుకునేవాణ్ని. బాగున్న బుష్‌లో ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది, చేతికి తెలియదు. కంటికి కనిపించేలా ఎగిరిందంటే బుష్ అయిపోయినట్టే, అప్పుడు కొత్త సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ కారుతుంది. ఎగరకపోతే మీ జిడ్డుకి కారణం చాలావరకు ముసలి సీలే, అది మార్చుకుంటే సరిపోవచ్చు.

వంగిన షాఫ్ట్ సంగతి వేరు. స్పార్క్ ప్లగ్ విప్పేసి, షాఫ్ట్ పక్కన కదలకుండా ఒక స్క్రూడ్రైవర్ పెట్టి, స్టార్టర్ తాడు మెల్లగా లాగండి. తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ షాఫ్ట్‌కీ స్క్రూడ్రైవర్‌కీ మధ్య సందు పెరిగి తగ్గుతుంటే వంగింది. స్నోబ్లోవర్‌లో ఇంజన్‌కీ ఆగర్‌కీ మధ్య బెల్టు ఉండి దెబ్బని తీసుకుంటుంది కాబట్టి ఇది అరుదు.

షాఫ్ట్ రెండో చివర ఫ్లైవీల్ (అయస్కాంతం బిగించిన బరువైన చక్రం) వైపు కూడా ఒక చూపు వేయండి. అయస్కాంతం దాని పక్కనుండే కాయిల్‌కి (స్పార్క్‌కి కరెంటు పుట్టించే తీగచుట్ట) రాసుకున్న గీతలుంటే అటు బుష్ కూడా పోయింది. పాయింట్ల ఇగ్నిషన్ (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే స్విచ్ ఉండే పాత పద్ధతి) అయితే షాఫ్ట్ ఊగినకొద్దీ ఆ 0.5 మిల్లీమీటర్ల గ్యాప్ మారిపోయి ఇంజన్ మిస్ కొడుతుంది, మీది బాగా నడుస్తోందంటున్నారు గనక అటు భయం తక్కువే. ఆయిల్ మాత్రం తెల్ల ప్లేట్‌లోకి దించి ఎండలో చూడండి, వెండి పొడిలా తళుకులు తేలితే లోపల అల్యూమినియం అరుగుతోంది.

బుష్ పోయిందని తేలితే, లేత్ పనికి అక్కడ అడిగే కూలితో చూస్తే 212 సీసీ కొత్త ఇంజన్ బిగించుకోవడమే మేలు. అయితే ఆర్డర్ చేసేముందు షాఫ్ట్ మందం, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలవండి, పాత ఇంజన్ నుంచి ఎన్ని షాఫ్టులు బయటికొస్తున్నాయో లెక్కపెట్టండి. కొన్ని స్నో ఇంజన్లకు చక్రాలు నడపడానికి క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులు తెరిచే షాఫ్ట్) నుంచి రెండోది వస్తుంది. మీదీ అలాంటిదే అయితే ఈ కొత్త ఇంజన్ దానికి పనికిరాదు.