సూది టెస్ట్‌లో బేసలాయిడ్ నియోప్లాజం, మిలన్ 4బి అని వస్తే క్యాన్సరేనా?

మీ నాన్నగారికి చెవి కింద గడ్డ, ఎఫ్ఎన్ఏసీలో, అంటే సన్న సూదితో కణాలు తీసే టెస్ట్‌లో, బేసలాయిడ్ నియోప్లాజం (బేసల్ కణాల్లాంటి కణాలున్న గడ్డ), మిలన్ 4బి అని రాశారు, ఇప్పుడు ముక్క కోసి బయాప్సీ చేయించాలా అని అడిగారు కదా. అచ్చం ఇదే రిపోర్ట్ మా అమ్మకీ వచ్చింది కాబట్టి చెప్తున్నా.

ఇది క్యాన్సర్ అని చెప్పే రిపోర్ట్ కాదండీ, అలాగని కాదని చెప్పేదీ కాదు. మిలన్ అంటే లాలాజల గ్రంథుల సూది టెస్ట్ రిపోర్టులు అందరూ ఒకేలా రాయాలని 2018లో వచ్చిన పద్ధతి. 4ఏ అంటే ప్రమాదం లేని గడ్డ, 6 అంటే క్యాన్సర్, 4బి అంటే గడ్డ ఉంది గానీ ఏ జాతిదో కణాలు చూసి తేల్చలేం అని. ఈ గ్రూపులో వందకి 35 దాకా చివరికి క్యాన్సర్‌గా తేలొచ్చని ఆ పద్ధతిలోనే రాశారు, అందుకే చూద్దాంలే అనకుండా తీయించేయమంటారు.

సూది గుచ్చాక కూడా ఎందుకు చెప్పలేరని నేనూ పాథాలజీ మేడంని గట్టిగానే అడిగా. బేసల్ సెల్ అడినోమా అని ఒక అరుదైన మంచి గడ్డ ఉంటుంది, అదే కణాలతో బేసల్ సెల్ అడినోకార్సినోమా అనే క్యాన్సర్ ఉంటుంది, అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే ఇంకో క్యాన్సర్ కూడా స్లైడ్ మీద చాలాసార్లు అలాగే కనిపిస్తుంది, మొదటి రెండింటికీ తేడా అంతా గడ్డ అంచులో ఉంటుందట, పొర దాటి పక్కకి పాకిందా లేదా అని. సూదికి వచ్చేవి విడి కణాలు, నాలుగు ఇటుకలు చూపించి గోడ ఎక్కడ బీటవారిందో చెప్పమంటే ఎవరు చెప్తారు?

ముక్క కోసే బయాప్సీ మాత్రం ఎవరైనా చేస్తామంటే ఎందుకని అడగండి. పరోటిడ్, అంటే చెవి దగ్గరుండే లాలాజల గ్రంథి, మధ్యలోంచి ముఖం నరం వెళ్తుంది, పైగా పొర చిట్లితే కణాలు చుట్టూ చెదిరి మళ్లీ గడ్డలు రావచ్చు. మరీ కావాలంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కోర్ నీడిల్ (కాస్త లావు సూదితో సన్నటి ముక్క తీయడం) చేస్తారు. ముందు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ తీయించండి, గడ్డ ఎంత లోతుందో, అంచు నున్నగా ఉందో లేదో తెలుస్తుంది. అమ్మకి ఎంఆర్ఐ అయ్యాక నరం కాపాడుతూ గ్రంథి పై భాగంతో సహా గడ్డ తీశారు, తీసిన గడ్డని ల్యాబ్‌లో పరీక్షిస్తే బేసల్ సెల్ అడినోమా అని తేలింది. చెవి తమ్మె ఇంకా మొద్దుగానే ఉంది, కమ్మ పెట్టుకున్నా తెలియట్లేదంటుంది.

మూతి వంకరపోవడం, నొప్పి, గడ్డ గబగబా పెరగడం, మెడలో బిళ్లలు, వీటిలో ఏదున్నా డేట్ కోసం ఆగకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. గవదబిళ్లలని పట్లు వేసే చుట్టాలు ఉంటారు, వాళ్లని దూరం పెట్టండి. ల్యాబ్‌లో స్లైడ్స్ కూడా అడిగి తీసుకోండి, సెకండ్ ఒపీనియన్‌కి కాయితం కన్నా అవే పనికొస్తాయి.