వదులుకున్నదాన్ని మళ్ళీ అందుకుంటే త్యాగం చెడుతుందా?

ప్రశ్న: నాన్నగారు పోయినప్పుడు డిగ్రీ మధ్యలో ఆపి ఉద్యోగంలో చేరి, ఇద్దరు తమ్ముళ్ళను చదివించాను. స్థిరపడిన వాళ్ళు ఇప్పుడు, "అక్కా, ఆగిన చదువు పూర్తి చెయ్యి, ఖర్చు మేము చూసుకుంటాం" అని పట్టుబడుతున్నారు. బంధువులందరూ నన్ను త్యాగమూర్తి అంటారు. ఇప్పుడు ఒప్పుకుంటే చేసినదానికి ప్రతిఫలం పుచ్చుకున్నట్టు కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు త్యాగాన్ని మూడు విధాలుగా చెప్పాడు. చేయవలసిన పనిని మోహంతో విడిచిపెట్టడం తామసం, శరీరానికి కష్టమన్న భయంతో విడిచిపెట్టడం రాజసం, చేయవలసినదే అనుకొని చేస్తూ ఆసక్తినీ ఫలాన్నీ విడవడం సాత్త్వికం. మనిషి ఎంత పోగొట్టుకున్నాడన్న లెక్క ఈ విభజనలో ఎక్కడా లేదు. తమ్ముళ్ళ చదువు పూర్తయిన నాడే మీరు తలపెట్టిన పని నెరవేరింది; మీరు చదువు లేకుండా ఉండిపోవడం వల్ల దానికి కొత్తగా చేకూరేది ఏమీ లేదు.

ఈ సందర్భంలో నాకు భీష్ముడు గుర్తుకు వస్తాడు. తన తండ్రి పెళ్ళాడదలచిన సత్యవతి కొడుకులకే రాజ్యం దక్కాలని ఆమె తండ్రి దాశరాజు పెట్టిన షరతు కోసం అతడు సింహాసనాన్ని, ఆపైన వివాహాన్ని కూడా వదులుకున్నాడు. అయితే ఆమె కొడుకులు చిత్రాంగదుడు, విచిత్రవీర్యుడు సంతానం లేకుండా మరణించిన తరువాత, ఎవరి కోసం ఆ ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే స్వయంగా, రాజ్యం స్వీకరించి వంశాన్ని నిలబెట్టమని వేడుకుంటే అతడు సమ్మతించలేదు. అతని సత్యనిష్ఠ గొప్పది, కాదనను. కానీ ఆ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే అక్కడ ఎదుటి మనుషుల అవసరం కంటే ప్రతిజ్ఞే పెద్దదైపోయింది. మీరు ఏ ప్రతిజ్ఞా చేయలేదు. అవసరం పడింది, ఆదుకున్నారు; ఆ అవసరం ఇప్పుడు తీరిపోయింది.

ఇక ప్రతిఫలం మాట. తిరిగి వస్తుందని ముందే ఎదురుచూసి చేస్తే అది బేరమవుతుంది. మీరు ఎదురుచూడలేదు, వాళ్ళే ప్రేమతో ముందుకు వచ్చారు. ఒకనాడు మీరు పెట్టినదాన్ని వాళ్ళు కాదనకుండా తీసుకున్నారు కాబట్టే ఈనాడు స్థిరపడ్డారు. ఇప్పుడు మీరు నిరాకరిస్తే వాళ్ళు జన్మంతా తీసుకున్నవాళ్ళుగానే మిగిలిపోతారు, ఆ బరువు మీరు వాళ్ళ మీద పెట్టాలనుకోరని నా నమ్మకం.

చదువు మీద ఇష్టం ఇంకా ఉందా లేదా అన్నదొక్కటే మీరు తేల్చుకోవలసినది. లేకపోతే ఆ మాటే తమ్ముళ్ళకు సూటిగా చెప్పండి, త్యాగం పేరు చెప్పవద్దు. ఉంటే మాత్రం బంధువులు ఏమంటారో అని ఆగకుండా ఈ ఏడాదే చేరండి, ఫీజు వాళ్ళను కట్టనివ్వండి.