ఉచితమైనా బిల్లు రాయించు

బిడ్డా,

మన ట్రస్టు దవాఖానకు నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నరని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. మస్తు సంతోషమైంది. పద్దెనిమిదేండ్లు ఆ లెక్కలు చూసినదాన్ని, అందుకే ముందుగాల ఒక్క మాట చెప్తున్న: ఉచితంగ చూసిన పేషెంటుకైనా బిల్లు రాయించు.

మేమది చెయ్యలె. చేతిల పైసల్లేనోళ్లొస్తే డాక్టరమ్మ చీటీ మీద ‘ఫ్రీ’ అని రాసేది. కౌంటర్ల పిల్లగాడు దాన్ని ఇనుప ముల్లుకు గుచ్చేటోడు. నెలాఖరుకు ముల్లు నిండితే మూటగట్టి అటక మీద వేసేటోళ్లం. ఒక ఏడాది ఆక్సిజన్ సిలిండర్ల బాకీ కట్టలేక, చందా కోసం వరంగల్ బీట్‌బజారుకు పోయినం. "ఏడాదికి ఎంత ధర్మం చేస్తున్నరమ్మా?" అని ఒక షావుకారి అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. తెల్లారి అటక మీది మూటలు దించి ముందటేసుకుంటే, సగం చీటీల మీద పేరు తప్ప ఏం లేదు.

అందుకే ప్రతి బిల్లుల మూడు గడులుండాలె: అసలు ఖర్చు, పేషెంటు కట్టింది, ట్రస్టు భరించింది. ఆ మూడో గడి మొత్తమే దాతకు చూపెట్టు. వైద్యసేవ మీద మనం జీఎస్టీ వసూలు చెయ్యం గనుక, ఎక్స్‌రే మిషన్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ మనకు తిరిగి రాదు. అది గూడ ఖర్చులనే వెయ్యి.

గదికి పేరు రాయిస్తమంటే పైసలిచ్చేటోళ్లు దొరుకుతరు. నర్సు జీతానికి ఇచ్చేటోళ్లు తక్కువ. సిగ్గువడకు, "ఒక నర్సు ఏడాది జీతం మీరు భరించండి" అని సూటిగ అడుగు. చెక్కో, ఆన్‌లైనో తీసుకో. నగదు 2000 రూపాయలు దాటితే దాతకు ఆదాయపన్నుల మినహాయింపు రాదు. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిల డాక్టర్ ఇసాబెల్ కెర్ 1915ల కుష్ఠు దవాఖాన మొదలువెట్టింది. సముద్రాలు దాటొచ్చిన ఆమెకు గూడ ఇక్కడి దాత నర్సాగౌడ్ సాయం కావాల్సొచ్చింది. నువ్వు గూడ ముందుగాల మన ఊరోళ్ల గడపే తొక్కు.

ఇగ ఆరోగ్యశ్రీ. 2007ల మొదలైన ఆ పథకం లక్షల మందికి ప్రాణం పోసింది, 2023ల మన తెలంగాణల దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. కేసులు తప్పకుండ చెయ్యి. గాని ఆ పైసలొస్తయని ఇయ్యాల్నే జీతాల లెక్కల రాసుకోకు. బకాయిలు రాక 2025ల నెట్‌వర్క్ దవాఖానలు సేవలు ఆపిన సంగతి నీకెరుకే. మూడు నెలల జీతాలకు సరిపోను పైసలు వేరే ఖాతాల పెట్టు. కమిటీల ఎవరు గట్టిగ అడిగినా, గోడలకు సున్నం కోసం ఆ ఖాతా ముట్టనియ్యకు. ఒకపారి నేను ముట్టనిచ్చిన. ఆ దసరాకు ఆయమ్మలకు జీతం ఇయ్యలేకపోయినం. వాళ్లు ఏం అనలె, మొఖాలు చూడలేక నేనే వెనక గేటు నుంచి ఇంటికి పోయిన.

ఏప్రిల్ 1 నుంచి కొత్త బిల్లు బుక్కు మొదలువెట్టు. అచ్చుకిచ్చే ముందు నమూనా పంపు, గడులు నేను సరిజూస్త.

నీ పెద్దమ్మ