2014 ఆసియా క్రీడలు ఢిల్లీ చేజారినప్పుడు కొందరు ఎందుకు సంతోషించారు?

2007 ఏప్రిల్ 17న కువైట్‌లో జరిగిన ఓటింగులో కొరియా నగరం ఇంచియాన్‌కు 32, ఢిల్లీకి 13 ఓట్లు వచ్చాయి. అప్పటి మన క్రీడల మంత్రి మణిశంకర్ అయ్యరే అంతకుముందు ఈ బిడ్‌ను బాహాటంగా వ్యతిరేకించారు. ఆ డబ్బు పల్లెల్లో ఆటలకు పెట్టాలన్నది ఆయన వాదన. అప్పటి భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ ఆయన మాటల్నే తప్పుపట్టారు. జనంలోనూ అదే చీలిక: పరువు పోయిందని కొందరు, ఖర్చు తప్పిందని కొందరు.

మా కోనసీమలో, టీ కొట్టు దగ్గర నేను విన్నంతలో రెండో మాటే ఎక్కువ. మా ఊరి ఆటస్థలం వానాకాలమంతా చెరువే. కబడ్డీకి గీతలు గీసేది సంక్రాంతికే. "ముందు మన గ్రౌండుకి మెరక తోలించమనండి, తర్వాత ఢిల్లీ సంగతి చూద్దాం" అన్నారు మా బాబాయి. నాకూ అదే సబబనిపించింది, ఇప్పటికీ అంతే.

అలాగని పరువు మాట కొట్టిపారేయలేను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచాడు. అలాంటి ఫైనల్ మన దేశంలో జరిగితే మా పిల్లలు రాజమండ్రిలో రైలెక్కి వెళ్లి కళ్లారా చూసేవాళ్లు.